విబెకె పాట

"ఇన్నేళ్ళుగా ఆమె పక్క కుర్చీలో కూర్చుంటున్నావు. నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అంది హెడ్‌మిస్ట్రెస్ సోల్వై.

ప్రెబెన్ తల గోక్కున్నాడు. శుక్రవారం తోటి టీచరు విబెకెకి అరవై నిండుతాయి. స్టాఫ్‌రూములో కేకు పెడతారు, దాని చుట్టూ కాగితం జెండాలు గుచ్చుతారు. అవి లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. పాట లేకపోతే మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం పుట్టినరోజు మనిషి బతుకూ ఇష్టాలూ పిచ్చీ అన్నీ కలిపి అందరికీ వచ్చిన బాణీలో కట్టి, ఆ మనిషి మొహం మీదే పాడాలి. ఆ బడిలో ఎవరికి పాట కావాలన్నా రాసేది లెక్కలు చెప్పే ప్రెబెనే. ఇప్పటిదాకా ఏ పాటకీ ఇలా తడుముకోలేదు.

"ఏడో తరగతికి జాగ్రఫీ చెబుతుంది. సైకిల్ మీద వస్తుంది," అన్నాడు.

"అంతమాత్రం సైకిల్ స్టాండుకి కూడా తెలుసు. ఎల్లుండికి నాకు పాట కావాలి ప్రెబెన్."

పొద్దుటి నుంచీ దొరికినవాళ్ళనల్లా అడిగాడు. ఆమెకి పిల్లి ఉందనుకుంటానన్నాడు డ్రిల్లు టీచరు. కాదు, కుక్క అంది వంట నేర్పే ఆవిడ. లైబ్రరీలో అమ్మాయయితే, "ఆవిడకి పెళ్ళయిందా?" అని తిరిగి ఇతన్నే అడిగింది.

ఇక లాభం లేదని తిన్నగా ఆమె క్లాసుకే వెళ్ళాడు. పిల్లలు వెళ్ళిపోయారు. విబెకె గోడమీది పటాలు దించి చుడుతోంది.

"నా పాటకి సరుకు కావాలా?" అంది తలెత్తకుండానే.

"ఎలా తెలిసింది?"

"నాకున్నది కుక్కా పిల్లా అని స్కూలంతా పోట్లాడుకుంటోంది. కూర్చో."

కూర్చున్నాడు. పాట సంగతి ఎత్తబోతే, ఎప్పుడూ మనసులో నలిగే ప్రశ్నే ముందు బయటికొచ్చింది.

"ఈమధ్య హెల్లెని కలిశావా?"

హెల్లె అతని భార్య. రెండేళ్ళ క్రితం పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. విబెకెతో ఆమెకి స్నేహం.

"కలుస్తూనే ఉంటాను."

"ఎందుకు వెళ్ళిపోయిందో నీతోనైనా చెప్పిందా? నేను తాగి రాలేదు, చెయ్యెత్తలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే కాఫీ పెట్టి మంచం దగ్గరికి తెచ్చిచ్చాను. ఏ మొగుడు చేస్తాడు చెప్పు? కారణం అడిగితే, నువ్వే ఆలోచించుకో అంది. ఏమని ఆలోచించను? తప్పేమిటో తెలిస్తే దిద్దుకుంటాను, ఇవాళే వెళ్ళి పిలుచుకొస్తాను."

విబెకె చేతిలో పటం సగం చుట్టి ఆగిపోయింది.

"సరే, రాసుకో," అంది.

చలికాలమంతా తెల్లారకముందే రేవు మెట్లు దిగి సముద్రంలో మునగడం. ఇంట్లో ఎవరూ లేవకముందే తడిజుట్టుతో తిరిగి రావడం. పెరటి షెడ్డులో కూర్చుని కొయ్యతో పిట్టల్ని చెక్కడం. పుస్తకాలు ముందేసుకుని సొంతంగా ఐస్‌లాండ్ భాష నేర్చుకోవడం, ఒక్కసారైనా వెళ్ళి అక్కడి అగ్నిపర్వతాన్ని చూడాలని.

"మరి వెళ్ళలేదేం?"

"తోడు రమ్మంటే నవ్వి ఊరుకున్నారు."

"ఐస్‌లాండుకి ప్రాస కుదిరి చావదు," అని గొణిగాడు ప్రెబెన్. "చన్నీళ్ళయితే బావుంటుంది. నీళ్ళు, మెట్లు, పిట్టలు... అబ్బో, ఇదంతా నీలో ఉందా? చూస్తే తెలియదే."

"అవును. చూస్తే కదా," అంది విబెకె. "ఇంకొకటి కూడా రాసుకో. కాఫీ పడదు. వాసనకే కడుపులో తిప్పుతుంది. వద్దంటే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని తీసుకుని, వాళ్ళు అటు తిరగ్గానే పూలకుండీలో పోసెయ్యడం."

ప్రెబెన్ పగలబడి నవ్వాడు. "మన స్టాఫ్‌రూములో మొక్క ఎందుకు చచ్చిందో ఇన్నాళ్ళకి తెలిసింది. ఆఖరి చరణం ఇదే."

శుక్రవారం పాట అదిరిపోయింది. చన్నీళ్ళ దగ్గర అందరూ ఒణికినట్టు నటించారు. కొయ్యపిట్టల దగ్గర డ్రిల్లు టీచరు ఈల వేశాడు. పూలకుండీ చరణానికి బల్లలు గుద్ది మరీ మళ్ళీ పాడించుకున్నారు. "ఇన్నాళ్ళూ నీ గురించి మాకేమీ తెలియనే లేదు విబెకె," అని సోల్వై కళ్ళు తుడుచుకుంది. పుట్టినరోజు మనిషి మాత్రం నవ్వలేదు. ప్రతి చరణానికీ ప్రెబెన్ మొహమే చూస్తూ కూర్చుంది.

కేకలూ చప్పట్లూ అయ్యాక అందరూ కేకు మీద పడ్డారు. విబెకె ఫ్లాస్కు వంచి కప్పు నిండా కాఫీ పోసుకుంది. గటగటా తాగి మళ్ళీ పోసుకుంది.

ప్రెబెన్ పక్కకి వచ్చాడు. "అదేంటి, నీకు పడదుగా?"

"నాకా? ఇది లేకపోతే నాకు తెల్లారదు. పడనిది హెల్లెకి."

ప్రెబెన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. పడగ్గది కిటికీలో, హెల్లె పడుకునే వైపు, ఏటా ఎండిపోయే పూలమొక్క కళ్ళ ముందు మెదిలింది. నాసి మొక్కలు అంటగడుతున్నావని అంగడివాడితో ఏటా పోట్లాడి కొత్తది తెచ్చేవాడు.

"మరి ఆ చన్నీళ్ళు... పిట్టలు..." అన్నాడు.

విబెకె కప్పు కింద పెట్టింది.

"పాటంతా హెల్లెదే ప్రెబెన్. ఏదో ఒక చరణం దగ్గర గుర్తుపట్టి ఆగిపోతావన్నాను నేను. ఆగడు అంది తను."