పెదవి మీది పొక్కు

"పొక్కు ఎవరి నుంచి వచ్చిందో తేలేదాకా గడప తొక్కొద్దన్నాను. పుట్టింటికి పోయింది," అన్నాడు పరిశోధకుడు, గాజుపళ్లాన్ని మైక్రోస్కోపు కింద సర్దుతూ.

పళ్లెంలో ల్యాబ్‌లో పెంచిన కణాలున్నాయి. అతని భార్య పెదవి మీది పొక్కు నుంచి నర్సు నీరు తీసింది. దాన్ని నిన్న అతని సీనియరు పక్క భవనంలో ఆ కణాల మీద వేసింది. తను వేస్తే ఎవరూ నమ్మరని అతనే పట్టుబట్టాడు.

"హెర్పిస్ వైరస్ సగం ఊరికి ఉంటుంది తమ్ముడూ," అంది సీనియరు. "చిన్నప్పుడే ఎక్కి, నరంలో నోరు మూసుకుని పడుంటుంది. ఒంట్లో సత్తువ తగ్గిన రోజు లేస్తుంది. ఈ పాఠం చెప్పేది నువ్వేగా."

"పాఠం వేరు అక్కా, పెళ్లాం వేరు. రెండు నెలల కింద రక్తం పరీక్ష చేయించాను. ఆనవాలు లేదు. ఇది కొత్తగా అంటింది."

"దేనికని చెప్పి చేయించావు?"

"షుగరుకని."

సీనియరు అతనివైపు ఒకసారి చూసింది.

"ఎదురింటి ఫొటోగ్రాఫర్ పెదవి మీదా మచ్చ ఉంది," అన్నాడతను. "ఇద్దరి వైరస్ జన్యువులూ చదివితే దొంగ దొరుకుతాడు."

పళ్లెంలో నిన్న రాత్రంతా పని జరిగింది. వైరస్ కణంలో దూరింది. కేంద్రకంలో తన జన్యువు విప్పింది. కొంపవాళ్ల చేతే చాకిరీ చేయించుకుని వేల నకళ్లు తీయించుకుంది.

అతను కన్ను ఆనించాడు. చాలాసేపు తీయలేదు. సీనియరు అతన్ని పక్కకు జరిపి చూసింది. కణాలు మిణుగురుల్లా పచ్చగా వెలుగుతున్నాయి.

"దేవుడు చేసిన హెర్పిస్ వెలగదు," అంది. "నకళ్లు తయారయ్యాక వెలిగే జన్యువును అందులో అతికించింది నువ్వు. ఈ గదిలో తప్ప అది ఎక్కడా లేదు."

"ఇంటికెలా పోతుంది? అన్నీ జాగ్రత్తగానే చేస్తాగా," అన్నాడు.

ఫోన్ మోగింది. అత్తగారి నంబరు. మాట్లాడేది భార్యే అయి ఉంటుంది. ఆమెకు సొంత ఫోన్ లేదు, అతను కొనివ్వలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తల్లితో మాట్లాడింది అతని ఫోన్‌లోనే.

"ఎత్తు. తేలిందని చెప్పు," అంది సీనియరు.

వైరస్ పళ్లెం పట్టుకున్న గ్లవ్స్ తీయకుండానే, రోజూలాగే, అతను ఫోన్ ఎత్తాడు.