తడి తగలొద్దు

“సుధకు ఇప్పుడే ఏం చెప్పకు. వాళ్ల అన్న జలపతి అచ్చేదాక నోరు మూస్కొని ఉండు,” అన్నాడు సలావుద్దీన్, దుబాయి నుంచి. “తెల్లారకముందు దవాఖానకు తీస్కపోయేటప్పుడు ఆగమాగమై ఆమెకే ఫోన్ కొట్టిన. ఎత్తలే. మంచిదే అయ్యింది.”

ఫోన్ పెట్టేసి గజాలా అక్కడే కూలబడింది. సతీశ్ లేడు. గోడ అవతలి సుధ మొగుడు, తన భర్త సలావుద్దీన్‌తో పన్నెండేళ్లుగా దుబాయిలో ఒకే గదిలో ఉంటున్న మనిషి, ఛాతీ పట్టుకొని పడిపోయి దవాఖానలో కన్నుమూశాడు. జలపతి సారంగాపూర్‌లో బయలుదేరాడట. కోరుట్ల చేరేసరికి గంట పైనే పడుతుంది. అంతదాకా ముఖం మామూలుగా పెట్టుకోవాలి. చెప్పినంత సులువా?

“గజాలా! ఓ గజాలా! చెవులు ఏడవెట్టినవే? జెర్ర ఇటు రా!” గోడ అవతల నుంచి సుధ కేకేసింది.

గజాలా వెళ్లి చూసి అక్కడే ఆగిపోయింది. పొద్దున ఏడున్నర కాలేదు. వాకిట్లో పాత చీర పరిచి, సుధ నలభై మామిడికాయలు ముక్కలు కొట్టేసింది. పెద్ద బిడ్డ అనూష జీడి తీస్తోంది. చిన్నది నీల ముక్కముక్కనూ పొడిగుడ్డతో తుడుస్తోంది, మధ్యలో ఒకటి నోట్లో వేసుకుంటోంది.

“తొక్కు గురువారం పెడుదమన్నవ్ గదనే?”

“ఎండలు సూడు ఎట్ల దంచుతున్నయో. గురువారం దాక కాయ ఆగుతదా? నిలవడి సూస్తవేంది, ఎల్లిగడ్డ పొట్టు తియ్యి.”

రెండేళ్ల కింద సుధ అత్త బుచ్చవ్వ పోయినప్పుడు ఈ వాకిట్లో ఏం జరిగిందో గజాలా కళ్లారా చూసింది. మైల పడ్డ ఇంట్లో తొక్కు ఉండొద్దని పెద్దలు రెండు జాడీలు మురుగు మోరీలో కుమ్మరించారు. ఏడాది దాకా కొత్తది పెట్టనివ్వలేదు. పిల్లలు ఉత్త అన్నం కెలుకుతుంటే చూడలేక, గజాలా తన తొక్కునే గిన్నెలో పోసి గోడ మీదుగా అందించేది. రెండిళ్లకు ఒక్క జాడీ ఏం సరిపోతుంది? ఆరు నెలలకే అడుగంటింది.

ఇప్పుడు ఇదీ మోరీ పాలే. పాపం పిచ్చిది, ఎంత చాకిరీ చేస్తోందో! ఎట్లా ఆపాలి?

“ఇయ్యాల వద్దు సుధా. మంగళారం మంచిది గాదు.”

“ఓయమ్మో! నాకు వారాలు గజాలా చెప్పాలె! కొండగట్టు అంజన్న రోజే మంచిది గాకుంటే ఇంకేది మంచిది?”

పిల్లలు పకపకా నవ్వారు. గజాలా నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు.

“అమ్మా, ఎనిమిదైతుంది. డాడీ వీడియో కాల్ జేస్తడు. ఫోనేది?” అంది నీల.

“బియ్యం డబ్బల ఉన్నది. చార్జింగ్ లేదు. ముందుగాల కారం డబ్బ తీస్కరా.”

గజాలా కళ్లు నిండిపోయాయి. సుధ ఒక్క ఉదుటున ఆమె భుజం పట్టి అవతలికి నెట్టింది.

“జరుగు! ఒక్క చుక్క తడి తగిలినా ఏడాది తొక్కు బూజు పడ్తది. ఏడిసేదుంటే పనైనంక ఏడువు.”

“కారం ఎగిరి కంట్ల వడ్డదే,” అని గజాలా అబద్ధమాడింది.

సుధ మామిడి ముక్కలన్నీ పెద్ద బేసిన్‌లోకి ఎత్తింది. ఉప్పు, కారం, మెంతిపొడి, ఎల్లిగడ్డ రెబ్బలు వాటి మీద పోసి, నూనె ఒంపి, మోచేతుల దాకా పెట్టి కలిపింది. జాడీలోకి ఎత్తాక, ఖాళీ బేసిన్‌లో వేడి అన్నం పోసి పిసికింది. ముద్దలు చేసి బిడ్డల నోట్లో పెట్టసాగింది.

“పొద్దుపొద్దుగాల అన్నమేందే అమ్మా?” అంది అనూష.

“తిను బిడ్డా. కడుపు నిండ తిను. ఇంకొక్క ముద్ద.”

వద్దు వద్దన్నా పెట్టింది. తాను మాత్రం ఒక్క మెతుకు ముట్టలేదు. పిల్లలు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే, జాడీ మూతికి తెల్లగుడ్డ చుట్టి గట్టిగా కట్టింది. సందు మొదట్లో కారు ఆగిన చప్పుడైంది. సుధ అటు చూడలేదు. జాడీ ఎత్తి, మోసుకుపోయి, గోడ మీదుగా గజాలా వాకిట్లోకి దించింది.

“గిది నీ వంటింట్ల పెట్టుకో. ఏడాదంత నా పిల్లలకు గిన్నెల పోసి నువ్వే పంపాలె. మీ ఇంటికి మైల రాదు.”

గజాలా ఆమె భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. “సుధా... నీకు ఎవలు చెప్పిన్రే?”

“ఎవ్వలు చెప్పలే. చెప్పనియ్యలే. చావు కబురు ఇన్నప్పటి సంది గదా మైల పడేది? పన్నెండేండ్లల్ల సలావుద్దీన్ అన్న నాకు ఒక్కసారన్న ఫోన్ చేసిండా? ఇయ్యాల తెల్లారకముందు ఏడుసార్లు చేసిండు. ఎత్తలే. బంద్ చేసి బియ్యంల పాతిపెట్టి, కత్తిపీట ముందలేసుకున్న.”

సుధ కారం చేతులు కొంగుకు తుడుచుకొని, గోడకు ఆనుకొని కింద కూర్చుంది.

“తొక్కు అయిపోయింది గజాలా. ఇగ చెప్పు.”