మధ్యలో ఎగిరిపోయిన 'ఫర్'

"బాబాయ్, ఇదేం రాసిందో కాస్త చదివి పెట్టు."

క్రేన్ ఆపరేటర్ ఫోన్ చాపాడు. స్టోర్‌కీపర్ అన్నం డబ్బా పక్కకి జరిపి, కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"టుమారో ఐ యామ్ లీవింగ్ యు."

"అంటే?"

"మీ ఆవిడేనా పంపింది?"

"ఆవిడే. ఇంగ్లీషు క్లాసుకి వెళ్తున్న దగ్గర్నుంచీ మెసేజీలన్నీ అందులోనే. అర్థమైనా కాకపోయినా బొటనవేలు బొమ్మొకటి పెట్టేస్తుంటాను. ఏమంటోంది బాబాయ్?"

స్టోర్‌కీపర్ ఫోన్ అతని చేతిలో పెట్టి, ఆ గుప్పిట తనే మూశాడు. "రేపు నిన్ను వదిలేసి వెళ్లిపోతానంటోందిరా అబ్బాయ్."

అరవై అడుగుల ఎత్తున కూర్చుని ఓడలోని ఇనప పెట్టెల్ని గాల్లో తిప్పేవాడికి నేలమీద నిలబడటం చేతకాలేదు. ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. ఓవర్‌టైమ్ అంటూ ఎనిమిది నెలలుగా ఇంటి ముఖం చూడలేదు. "వచ్చే నెల తప్పకుండా వస్తాను" అని ఎన్నిసార్లు అన్నాడో అతనికే గుర్తులేదు. హెల్మెట్ తీసి బల్లమీద పెట్టి, గ్రీజు చేతులతోనే బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున అతను మూడో అంతస్తు చేరేసరికి ఆమె తలుపుకి తాళం వేస్తోంది. కాళ్ల దగ్గర సూట్‌కేసు.

"వెళ్లకు," అన్నాడు రొప్పుతూ. "తప్పంతా నాదే. తిట్టు, కొట్టు. వెళ్లకు."

ఆమె అతని రేగిన జుట్టూ, మసి చొక్కా చూసింది. "ఎక్కడికి వెళ్లకూడదు?"

"నువ్వే రాశావుగా, లీవింగ్ యు అని!"

ఆమె నుదురు కొట్టుకుంది.

"అయ్యో నా రాతా! మీ దగ్గరికే బయల్దేరానండీ. లీవింగ్ ఫర్ అని రాయాలి. ఫర్ ఉంటే అటువైపు బయల్దేరడం. లేకపోతే వదిలెయ్యడం. మధ్యలో ఆ ముక్క ఎగిరిపోయింది."

అతను మెట్లమీద చతికిలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క ముక్కతో ప్రాణం తీశావు కదే! ఇంక నువ్విక్కడ, నేనక్కడ వద్దు. నేనుండే చోటే ఇల్లు చూస్తాను. ఇద్దరం కలిసే వెళ్దాం."

"వచ్చే నెలా?"

"ఈ వారమే."

ఆమె అతని చెంపమీది గ్రీజు మరకని అరచేత్తో తుడిచింది. అది పోలేదు, ఇంకా పాకింది. తాళం తీసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అతను సూట్‌కేసు ఎత్తుతుంటే ఎదురింటి తలుపు తెరుచుకుంది. పొరుగావిడ నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది.

"టీచరుగారు ఉన్నారా అన్నయ్యా?"

"ఏ టీచరమ్మా?"

"భలేవారే! మీ ఆవిడే. నాలుగు నెలలుగా మా బ్యాచికి ఇంగ్లీషు చెప్పేది ఆవిడేగా! నిన్న పొద్దున సెట్ ఆఫ్, హెడ్ ఫర్, లీవ్ ఫర్ అన్నీ చెప్పి, 'ఈ ఒక్క ఫర్ తీసేసి మీ ఆయనలకి పంపి చూడండి, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తారు' అని మమ్మల్ని ఎంత నవ్వించిందో!"