మాట వినని చెయ్యి

"కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదని తెలీదా నీకు!" అంటూ భర్త ఆమె తలను గోడకేసి బాదాడు.

పెదవి చిట్లింది. మళ్లీ చెయ్యెత్తేసరికి అతని జేబులో ఫోన్ మోగింది. ఎత్తిన చెయ్యి టక్కున దిగింది.

పేరైనా చూడకుండా, గొంతు సవరించుకుని, "నమస్కారమండీ, కస్టమర్ సర్వీసు. చెప్పండి, మీకొచ్చిన ఇబ్బందేంటి?" అన్నాడు తేనె ఒలకబోస్తూ.

"మా అమ్మని కొట్టకండి సార్," అంది, తల్లి ఫోన్ పట్టుకుని మంచం కింద దాక్కున్న పాప.

"నీ తోలు తీస్తా, రావే బయటికి!"

ఇన్నేళ్లూ మాట వినదన్న చెయ్యి ఒక్క మోతకే దిగడం ఆమె కళ్లారా చూసింది. పాపను చంకనేసుకుని గుమ్మం దాటింది.

"ఎక్కడికే?"

"ఇకమీదట ఏదున్నా ఫోన్లోనే మాట్లాడండి. అక్కడైతే మీకు మర్యాద తెలుసు."