మళ్ల చదువు బిడ్డా

“కంపెనీవాళ్ల ముందట దీని గొంతు పెగలకుంటే ఎట్ల వదినా? చదివిన చదువంత మట్టిల కలిసినట్టేనా?”

చేవెళ్ల చర్చిలో ఆడబిడ్డ చెవిలో గొణిగింది ఎస్తేర్.

ఆ ఆదివారం బైబిల్ వాక్యం చదవాల్సింది ఎస్తేర్ కూతురు సలోమి. మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. హైటెక్ సిటీ దిక్కు అద్దాల మేడలు లేస్తున్న రోజులు. కాలేజీకే కంపెనీలు వచ్చి పిల్లల్ని ఏరుకుంటున్నాయి. సలోమికి మార్కులకు కొదవ లేదు. నలుగురిలో నిలబడితేనే మాట నోట్లోనే కరిగిపోతుంది.

పాస్టరు పిలిచాడు. సలోమి లేచి చదివింది.

“వినబడలే బిడ్డా! ఆఖరి మాట మింగినవ్. తలకాయ ఎత్తి మళ్ల చదువు.”

వెనక వరుసలో ముసలాయన. పేరు యోసేపు. శంకర్‌పల్లి నుంచి ఈమధ్యే కూతురింటికి వచ్చాడు.

చర్చి అంతా కిసుక్కుమంది. సలోమి తల ఎత్తి మళ్లీ చదివింది.

“చెవులు పోయినోడు ఇంట్ల కూసోవచ్చు గద!” పళ్లు నూరింది ఎస్తేర్.

ఇక చదవనే వద్దంది. కూతురు వినలేదు.

“ఈసారి తాతను ఆపనియ్యనమ్మా.”

వారమంతా కొట్టం ముందు నిలబడి గట్టిగా చదివింది. బర్రె నెమరు ఆపి చూసింది.

ఆదివారం యోసేపు మళ్లీ ఆపాడు, ఈసారి ఇంకోచోట. ఆపై ఆదివారం కూడా.

చర్చి బయట ఎస్తేర్ ఆయన్ను అడ్డగించింది.

“ఓ చెవిటి తాతా! నా బిడ్డను జూసి నలుగురు నవ్వుతుంటే నీకు సంబురమా? దయ్యం లెక్క పట్టినవ్ గదా!”

యోసేపు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

“ఆఁ? తిన్నవా అంటున్నవా? తిన్న బిడ్డా.”

ఒక ఆదివారం సలోమి మొదటినుంచి చివరిదాకా చదివింది. వెనక నుంచి మాట రాలేదు. ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

ఆ వారమే సొంతూరికి వెళ్లిపోయాడు.

“పీడ పోయింది,” అంది ఎస్తేర్.

ఇంటర్వ్యూలో సలోమి తడబడింది, ఆగింది, తల ఎత్తి మళ్లీ చెప్పింది. ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో చెవి మిషన్ కొన్నది.

“ఆయన ఆపకుంటే నా గొంతు లేసేదా అమ్మా? తాతకిద్దాం, నడువ్.”

శంకర్‌పల్లిలో ఇల్లు దొరికింది. గడపలో ఆయన భార్య బీరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

“లేడు బిడ్డా. పోయిన నెల ప్రభువు దగ్గరికి పోయిండు.”

ఎస్తేర్ మిషన్ డబ్బా బీరమ్మ చేతిలో పెట్టింది.

“చేవెళ్ల చర్చి నుంచి వచ్చినం. ఇది చెవి మిషనవ్వా... ఆయనకని తెచ్చినం. ఎన్నటిసంది వినబడకుండె?”

బీరమ్మ డబ్బా తెరిచింది. మిషన్‌ను అటూ ఇటూ తిప్పింది. సలోమి ముఖంలోకి చూసింది.

“ఆయనకు చెవుడెక్కడిది బిడ్డా?” అంది ఎస్తేర్ దిక్కు తిరిగి. “బతుకంత టెలిఫోన్ ఆఫీసుల గొంతులు వినుడే ఆయన పని. నువ్వు తిట్టిన తిట్లు గూడ ఫోన్ జేసి, ఒక్కటి పొల్లువోకుండ నాకు చెప్పి నవ్వుతుండె.”