ఎవరి దారం వాళ్ళకే

"విప్పెయ్," అంది ఒఫేలియా.

జెస్సా మొహం ముడుచుకుంది. పొద్దుటినుంచి విప్పడమే సరిపోయింది. ముడులన్నీ మెలికలు తిరిగి, బ్యాండు కాస్తా కాకరతీగలా చుట్టుకుపోయింది.

"ఒకే పక్కనుంచి వేస్తున్నావు. అందుకే తిరిగిపోతోంది. మధ్య దారాలు కదలకూడదు. ఎడమ దారం వాటి మీదుగా వెయ్యి. దాని మీద కుడి దారం దించు. మధ్యవాటి కిందనుంచి తీసుకెళ్ళి, ఎడమ దారం చేసిన సందులోంచి పైకి లాగు. ఇప్పుడు అదే కుడివైపు నుంచి. ఓసారి ఎడమ, ఓసారి కుడి. నడకలాగే."

చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది. ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవిలో ఓ ఊరి హాల్లో శనివారాలు పిల్లలకి ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు అల్లడం నేర్పుతుంది ఒఫేలియా. వారమంతా బడిలో పాఠాలు, ఆ పైన ఇది. కిటికీ అవతల సముద్రం. ఆమె ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటుంది.

పక్క బల్ల దగ్గర పెర్లా దారాలు కత్తిరించి, చివర్లు ముడేసి, టేపుతో అంటించి పెడుతుంది. వీధిలో తురోన్, అంటే అరటిపండు చుట్టలు, వేయించి అమ్ముకునే మనిషి. శనివారం మాత్రం పొయ్యి ఆర్పేసి ఇక్కడికొస్తుంది.

ఆ క్లాసుకి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇద్దరికీ ఒకే రంగులు ఇవ్వరు. ఎవరు అల్లింది వాళ్ళే కట్టుకోవాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు.

మధ్యాహ్నానికి జెస్సా ఆకుపచ్చా పసుపూ కలిపి బ్యాండు పూర్తిచేసింది. మెలికల్లేకుండా వచ్చింది. ఒఫేలియా తల నిమిరింది కూడా. కాసేపటికి చూస్తే అది స్నేహితురాలు మేలిన్ చేతికుంది. మేలిన్ అల్లిన ఎర్రది జెస్సా చేతికుంది.

ఒఫేలియా లేచింది. కత్తెర తెచ్చి రెండూ కత్తిరించేసింది.

జెస్సా ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. చేపలు తోముతున్న చేతులతోనే తల్లి లూర్దెస్ పిల్లని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం టీచరమ్మా, పేరేమో ఫ్రెండ్‌షిప్ బ్యాండు. ఫ్రెండుకి కడితే కత్తెరా? మరెవరికి కట్టాలి, మా మేకకా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"మార్చుకోవద్దని ముందే చెప్పాను," అంది ఒఫేలియా నీరసంగా.

"చెప్తే మాత్రం? పసిపిల్లలమ్మా వాళ్ళు. కడుపున ఒకర్ని కని ఉంటే తెలిసేది నీకు."

ఒఫేలియా తలెత్తలేదు. కిందపడ్డ దారపు తుంపులు ఏరుతూ ఉండిపోయింది.

పెర్లా లేచొచ్చి లూర్దెస్ రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కెళ్ళింది.

"నోటికెంతొస్తే అంతేనా? సెబూ దీవి నుంచి నిన్నగాక మొన్నొచ్చావు, నీకేం తెలుసు? ఆమెకీ ఓ కూతురుండేది. ఐరిన్. పెద్ద తుఫానులో పోయింది."

లూర్దెస్ తలతిప్పి లోపల దారాలు ఏరుతున్న ఒఫేలియా వైపు చూసింది.

"నీళ్ళు తీశాక శవాలన్నీ చర్చి ముందు పడుకోబెట్టారు. మొహాలు గుర్తుపట్టేలా లేవు. చేతికున్న బ్యాండు చూసి ఒఫీ తన పిల్లని పోల్చుకుంది. నీలం, తెలుపు. తనే అల్లి కూతురికి కట్టింది. అదే లేకపోతే అందరితోబాటు గోతిలో కలిపేసేవాళ్ళు. ఇప్పుడర్థమైందా, ఎవరిది వాళ్ళ చేతికే ఉండాలని ఎందుకంత పట్టుబడుతుందో?"

"అయ్యో, నాకు తెలీదక్కా." లూర్దెస్ గొంతు తగ్గింది. "మరి మీ పిల్లలో?"

"ఒక్కతే. సోలెదాద్. అదీ ఐరినూ ఒకే కంచంలో తిని ఒకే చాపమీద పడుకునేవాళ్ళు. అది దొరకలేదు." పెర్లా ఏడవలేదు. "దొరకలేదంటే పోయినట్టు కాదుగా. ఏ పడవవాళ్ళో తీసుకెళ్ళి పెంచుకుంటూ ఉంటారు. ఏటా పుట్టినరోజుకి చెప్పులు కొంటాను, పాదం ఎంతయ్యుంటుందో ఊహించి. ఒఫీ అన్నిటికీ తోడొస్తుంది గానీ ఆ చెప్పుల కొట్టుకి మాత్రం రాదు. నవంబరులో ఆత్మల పండగొస్తే ఐరిన్ సమాధి దగ్గరికి నన్నూ లాక్కెళ్తుంది. మొదటి కొవ్వొత్తి నా చేతే వెలిగిస్తుంది. అంత మంచిది."

లూర్దెస్ లోపలికెళ్ళి ఒఫేలియా ముందు నిలబడింది.

"తప్పయింది టీచర్. ఇకమీదట నా పిల్ల దారం నా పిల్ల చేతికే ఉంటుంది. నేను చూసుకుంటాను."

ఒఫేలియా తలూపింది. కొత్త దారాలు బల్లకి అంటించి, జెస్సాని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎడమ దారం మధ్యవాటి మీదుగా..." అంటూ మళ్ళీ మొదలుపెట్టింది.

లూర్దెస్ వెళ్ళబోతూ ఆగింది. "ఒకందుకు నయం టీచర్. మీ బిడ్డని మీ చేతులతో మీరు పూడ్చుకోగలిగారు. పాపం, పెర్లా అక్కకి అదీ లేదు."

ఒఫేలియా వేళ్ళు ముడి మధ్యలో ఆగిపోయాయి. పక్క బల్ల దగ్గర పెర్లా తలొంచుకుని దారం కత్తిరిస్తోంది.

తుఫాను వచ్చిన రోజు పొద్దున, ఐరిన్ ఆ నీలం తెలుపు బ్యాండు విప్పి సోలెదాద్ చేతికి కడుతుంటే ఒఫేలియా గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసింది.