ఊడొచ్చే స్టీరింగు

శ్యామలాంబ ఇరవై ఏళ్ళుగా ఒక సందేహం మోస్తోంది. ఫలానాది ఇస్తానని మొక్కుకున్నాక, ఆ ఫలానాది కాస్తా చేజారిపోతే, బదులు ఇంకొకటి ఇస్తే మొక్కు చెల్లుతుందా?

పురోహితుణ్ణి అడిగింది. "భక్తి ప్రధానం తల్లీ" అని సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయాడు. భర్తను అడిగింది. కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన హరిబాబు పకపకా నవ్వాడు.

"బాకీ కట్టలేదని ఫ్యూజు పీకడానికి దేవుడేమైనా మా డిపార్టుమెంటా?"

ఆమె భయమూ అదే.

ఆ హరిబాబే ఇరవై ఏళ్ళ కిందట కాలవ గట్టున మోటారుసైకిలు మీంచి పడి, కాకినాడ ఆస్పత్రిలో పదకొండు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. బతికి లేచాక మళ్ళీ బండి ముట్టలేదు. ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది.

తీరా రిటైరయ్యాక, తీర్థయాత్రలు చేయాల్సిన వయసులో, కోయంబత్తూరు నుంచి పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే కారు ఒకటి తెప్పించాడు. కొబ్బరికాయల పాకలో కూర్చుని మూడేళ్ళు బిగించాడు. రెండే సీట్లు. పైన టాపు లేదు. ఎత్తు నడుము దాకా కూడా రాదు.

"నాలుగొందల ఎనభై కేజీలే! గాల్లో తేలుద్ది" అని మురిసిపోయేవాడు.

"మన గేదే, దూడా కలిపితే అంతే ఉంటాయి. అవి పాలన్నా ఇస్తాయి" అనేది శ్యామలాంబ.

ఆ కారులో దూరాలంటే ముందు స్టీరింగు పీకాలి. బొడిపె నొక్కితే ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. లోపల సర్దుకుని కూర్చున్నాక మళ్ళీ తగిలించుకోవాలి. సరిగ్గా కారును రోడ్డెక్కించడానికి వారం ముందు ఆ స్టీరింగు మాయమైంది.

"కుండ మీద మూతలా ఊడొచ్చేది పోక ఉంటుందా?" అందామె.

కొత్తది కొనడానికి ఇద్దరూ ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, కోటిపల్లిలో దిగి, బస్సులో రాజమండ్రి వచ్చారు. పడవలో భర్త పక్కనే అతుక్కుని కూర్చున్నాడు. శ్యామలాంబ చంకలో ఒక సంచి ఉంది. అందులో అట్లపెనమట. కాడ ఊడిందట, అతికించాలట.

"స్టీరింగు ఎత్తుకుపోయారా? ఆ దొంగ చేతులు పడిపోను!" అన్నాడు స్పేర్‌పార్టుల కొట్టు యజమాని ఏసుపాదం.

"దొంగను తిట్టకు నాయనా. ఏ అవసరం వచ్చిందో ఏంటో" అంది శ్యామలాంబ.

"అవసరమా! కొబ్బరికాయల దింపు తీయడానికొచ్చే లోవరాజు మీదే నా అనుమానం. రేపు స్టేషన్లో కంప్లైంటు ఇస్తాను" అన్నాడు హరిబాబు.

"లోవరాజు దాన్నేం చేసుకుంటాడండీ? కొబ్బరిచెట్టుకి బిగించి నడుపుతాడా?"

ఏసుపాదం ముందు పెద్ద స్టీరింగు తీశాడు. హరిబాబు స్టూలు మీద కాళ్ళు చాపి కూర్చుని, గాల్లోనే కారు నడిపాడు. స్టీరింగు పొట్టకు తగిలింది.

"ముందు ఆ బొజ్జ తగ్గించండి. ఏదైనా పడుద్ది" అంది శ్యామలాంబ.

రెండోది చెక్కది. నున్నగా మెరుస్తోంది. హరిబాబు దాన్ని తూకం వేయించాడు. కేజీన్నర. పాతదానికన్నా పావుకేజీ ఎక్కువ. పెదవి విరిచాడు.

"ఎనభై కేజీల మనిషి పావుకేజీ దగ్గర పట్టింపా? మొన్న పెళ్ళిలో పూతరేకుల మీద పడ్డప్పుడు ఈ తూకం ఏమైందో!"

మూడోది చిన్నది. తోలు తొడుగు. మూడు ఊచలు, ఊచల నిండా చిల్లులు.

"గారెలా ఉంది" అందామె.

ఏసుపాదం నవ్వాపుకోలేక అటు తిరిగాడు. హరిబాబు మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు చక్కగా కుదిరాయి. అయినా మనసొప్పలేదు.

"నా పాతదానికి సాటి రాదయ్యా. ఓ నెల ఆగుతాను. ఎక్కడికి పోద్ది, దొరుకుద్ది."

శ్యామలాంబ చప్పున సంచిని ఇంకో చంకకు మార్చుకుంది.

"దొరకదు. కొనండి."

ఇద్దరూ ఆమెను వింతగా చూశారు. పొద్దుటి నుంచి కారునీ, కారు కట్టినవాణ్ణీ కలిపి దులిపేస్తున్న మనిషి!

"ఇంత దూరం తిప్పి ఉత్తచేతులతో తీసుకెళ్తారా? గారైతే గారె. కొనండి. కంప్లైంటూ వద్దు, గింప్లైంటూ వద్దు."

హరిబాబు కొన్నాడు. ఏసుపాదం కాగితం చుడుతూ ఆమె సంచి వైపు చెయ్యి చాపాడు.

"ఆ పెనం ఇటివ్వండమ్మగారూ. పక్క సందులోనే వెల్డింగు షాపు. చిటికెలో అతికించి ఇస్తాడు."

ఆమె సంచిని గట్టిగా అదుముకుంది.

"వద్దు నాయనా. దారిలో తెలిసినావిడ ఉంది. ఆవిడకిస్తాను."

"ఆడవాళ్ళు కూడా వెల్డింగు చేస్తున్నారా అండీ?"

"ఆవిడ ఎలాంటిదైనా అతికిస్తుంది."

సాయంత్రం కోటిపల్లి రేవులో మళ్ళీ పడవెక్కారు. హరిబాబు కొత్త స్టీరింగు పట్టుకుని పడవ నడిపే సరంగు దగ్గరికి పోయి గ్రాముల లెక్కలు మొదలుపెట్టాడు. పడవ వదిలి సరంగు మాత్రం ఎక్కడికి పోతాడు!

"ఈ వయసులో బొమ్మకారు! దానికి గారె స్టీరింగు!" అని గొణుక్కుంటూ శ్యామలాంబ పడవ వెనక అంచుకు వెళ్ళింది. నడి గోదావరి. పక్కనున్నవాళ్ళు చిల్లర విసిరి దణ్ణాలు పెట్టుకుంటున్నారు.

ఆమె సంచిలోంచి భర్త పాత స్టీరింగు తీసి, పసుపూ కుంకుమా అద్ది, నీళ్ళలోకి జారవిడిచి, "ఆయన బతికితే నీకిస్తానన్న మోటారుసైకిలు హేండిలు అప్పట్లోనే పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు, బదులు ఇది పుచ్చుకుని ఆయన్ని చల్లగా చూడు తల్లీ" అని చేతులు జోడించింది.